ఖుర్షీదా గొంతులో మొలక

తాండూరులో ఖుర్షీదా అనే ఆమెకు డాక్టర్లు మొత్తం కోసి తీసేసిన థైరాయిడ్ గ్రంథి మూడు నెలలు తిరగకుండా మళ్ళీ మొలిచింది. వేరు పట్టింది, చిగురు వేసింది, వాన పడిన మర్నాడు జానెడు పెరిగింది కూడా.

అబద్ధాన్ని ఒప్పుకుంటే సగం పాపం పోతుందని నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవాళ్ళు. కాబట్టి ఆ జానెడు మాట వెనక్కి తీసుకోవలసిందే. చిగురు కూడా పోనివ్వండి. గ్రంథి మొలిచిందని ఆ ఇంట్లో ఒకరు నమ్మారు, ఇంకొకరు నమ్మించారు. ఇది మాత్రం వెనక్కి తీసుకోవడానికి వీల్లేని మాట.

నమ్మించినవాడు ఆమె మొగుడు తాజ్ మొహమ్మద్. ముప్పై ఏళ్ళుగా బండల పాలిష్ యూనిట్‌లో పని. సాయంత్రానికి కనుబొమ్మల దగ్గర్నుంచి చెవుల దాకా తెల్లటి పొడి పట్టి, పిండిలో పొర్లించిన మనిషిలా ఇంటికి వచ్చేవాడు. మిషన్ల మోతలో ఏ మాట చెప్పినా అరిచి చెప్పాలి. ఎలాగూ అరవాలి కదా, ఉన్నదాన్నే ఎందుకు అరవడం అని లేనిదాన్ని కూడా కలిపేవాడు. తడి బండలో చేప ఈదడం చూశానని ఒకనాడు, కోట్‌పల్లి ప్రాజెక్టులో మొసలి తనకు సలాం చేసిందని ఇంకోనాడు. పక్క మిషన్ మీద పనిచేసే అఫ్సర్ కొత్తవాళ్ళకు ముందే చెప్పేవాడు. "చాచా మాటల సగం కోసి పారెయ్. మిగిలిన సగానికి పాలిష్ పెట్టు. అప్పుడేమన్న నిజం తేలితే తేలుతది."

ఖుర్షీదాకు కథలు రావు. ఆమెకు వచ్చింది కంది. ఊరి బయట వాళ్ళకు మూడెకరాల కంది చేను ఉంది. మొక్క మోకాలెత్తు దాటగానే కొనలు తుంచాలి. తుంచిన చోట ఆగిపోయి, పక్కల నుంచి నాలుగైదు కొమ్మలు పెడుతుంది. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. రెండు చేతులతో రెండు సాళ్ళు ఒకేసారి తుంచుకుంటూ నడిచేది. కూలీ ఆడవాళ్ళతో కలిసి కలిసి ఆమెకు తెలుగు ఎంతగా అబ్బిందంటే, ఇంట్లో మాటలు ఉర్దూలో నడిచినా పోట్లాటలు, దిగుళ్ళు మాత్రం తెలుగులోనే.

మే నెలలో ఆమె గొంతు ముందు ఉన్న గడ్డ మింగుడు పడనివ్వకపోతే హైదరాబాద్ తీసుకెళ్ళారు. గ్రంథి మొత్తం తీసేశారు. రోజూ పరగడుపున ఒక గోలీ, బతికినన్నాళ్ళూ అన్నారు. కోతకు భయపడని ఖుర్షీదా ఆ సీసాకు భయపడింది. కుట్లు మానినా మంచం దిగలేదు. ఆగస్టు వచ్చి, చేను మోకాలు దాటింది. ఆమె గొంతుకు దుపట్టా చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునే ఉంది.

"ఏం జీ," అన్నది ఒక సాయంత్రం. "ఉన్నదంతా తీసేసిన్రు. ఇగ సచ్చేదాక నాది ఖాళీ గొంతేనా?"

తాజ్ ఆ గోడవైపు చూపును భరించలేకపోయాడు. "ఖాళీ అని ఎవడన్నడు? కంది కొన తుంచితే ఏమైతది?"

"పక్కలకెల్లి కొమ్మలు పెడతది."

"ఎన్ని?"

"నాలుగైదు."

"మరి? డాక్టర్ తుంచిండు. చెట్టుకున్న అకల్, గా తెలివి నీ గొంతుకు లేదా?"

ఆమె నవ్వింది. ఆపరేషన్ తరువాత అదే మొదటి నవ్వు. మర్నాడు పొద్దున్నే నడుముకు కొడవలి దోపుకుని చేనుకు పోయింది. తాజ్ యూనిట్‌కు ఈల వేసుకుంటూ పోయాడు. ఈ అబద్ధంతో ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరి కడుపూ కాలలేదు అనుకున్నాడు.

పది రోజుల తరువాత ఆమె అతని చూపుడు వేలు పట్టుకుని తన గొంతు మీది గాటుపై పెట్టింది. "జర చూడు. గట్టిగ తగులుతలేదా?"

తగిలింది. గట్టిగా, కందిగింజంత. కుట్టు పడిన చోట చర్మం గట్టిపడిందని అతనికి తెలుస్తూనే ఉంది. కానీ ఆమె కళ్ళలో ఈద్ చంద్రుణ్ణి చూసినంత వెలుగు ఉంది.

"మొలక," అన్నాడు.

మొసళ్ళు, చేపలు, అన్ని పెద్ద పెద్ద అబద్ధాలూ ఎవరినీ ఏమీ చేయలేదు. చేసింది ఈ మూడక్షరాల మాటే.

అక్టోబరులో చేను పసుపు పూత కట్టింది. ఖుర్షీదా మాత్రం వాడిపోతూ వచ్చింది. మిట్టమధ్యాహ్నం చలి అనేది. ముఖం ఉబ్బింది. గొంతు నీళ్ళు పోయని మిషన్‌లా గరగరలాడింది. తన వంటింట్లో తానే ఉప్పు ఎక్కడుందని అడిగింది. ఒకరోజు అగ్గిపెట్టె కోసం బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టిన తాజ్‌కు గోలీల సీసా దొరికింది. మూత మీద దుమ్ము. దుమ్ములో బతికినవాడికి ఎంత దుమ్ము ఎన్నాళ్ళదో ఒకరు చెప్పనక్కరలేదు. అది రెండు నెలల దుమ్ము.

సీసా పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "గోలీలు ఏసుకుంటలేవా?"

"మొలిచినంక గోలీలెందుకు జీ?"

నోరు తెరిచాడు. ఇప్పుడు నిజం చెబితే, ఆ మొలకను తన చేత్తో పెరికినట్టే. మత్తుమందు లేకుండా రెండో ఆపరేషన్. అందుకని ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు తెచ్చుకున్నాడు. "మొలకకు నీళ్ళు పోస్తున్ననుకొని ఏసుకో."

"నీళ్ళెక్కువైతే కంది కుళ్ళుతది. గీమాత్రం ఎరుక లేదా? బండలు రుద్దెటోనివి, నీకేం తెలుస్తది!"

తను నేసిన వలలో తానే చిక్కాడు. రేపు చెబుతాను అనుకున్నాడు. రేపు వచ్చింది. ఆమె ముందు కూర్చుని అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కుని యూనిట్‌కు పోయాడు. ఎల్లుండి కూడా అంతే. యూనిట్‌లో నోరు మూసుకుని పని చేస్తుంటే అఫ్సర్ మిషన్ ఆపి మరీ అడిగాడు. "చాచా, గొంతు ఆపరేషన్ చాచీకి అయిందా, నీకయిందా?" అందరూ నవ్వారు. తాజ్‌కు తను రుద్దుతున్న బండలో తన ముఖం కనపడింది. అది మాయమవుతుందేమోనని ఇంకా రుద్దాడు. పాలిష్ పెరిగిన కొద్దీ ముఖం ఇంకా స్పష్టమైంది.

ఆ వారంలోనే ఒక పొద్దున రొట్టె మాడిన వాసన వచ్చి వంటింట్లోకి పరిగెత్తాడు. పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఖుర్షీదా నిద్రపోతోంది. దుపట్టా అంచు మంటకు బెత్తెడు దూరంలో ఉంది. లాగి పట్టుకుంటే ఆమె చెయ్యి తడి బండంత చల్లగా తగిలింది.

ముందు దొరికిన రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయాడు. దారి పొడుగునా ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తాజ్ ఆ చెవిలో అంతా చెప్పేశాడు. నిద్రపోతున్న చెవికి చెప్పింది చెప్పినట్టు కాదని అతనికీ తెలుసు.

డాక్టర్ దేవిక కాగితాలు చూసింది, గొంతు తడిమింది, నాడి పట్టింది, రక్తం తీయించింది. రిపోర్టు వచ్చాక ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"అమ్మా, సగం గ్రంథి తీస్తే మిగిలిన సగం కొంచెం పెరగొచ్చు, పని చెయ్యొచ్చు. నీకు మొత్తం తీసేశారు. మొత్తం తీసింది మళ్ళీ మొలవదు. ఎక్కడన్నా ఒక పలుకు మిగిలినా దానితో ఒళ్ళు నడవదు. నీ చేతికి తగిలేది కుట్టు, గ్రంథి కాదు. గ్రంథి చేసే పని ఇప్పుడు ఆ గోలీ చెయ్యాలి. ఇంకొన్నాళ్ళు ఇట్లనే ఉంటే స్పృహ తప్పేదానివి. ఇవాళ ఇక్కడే ఉండాలె. మందు మళ్ళీ మొదలుపెడదాం, తేరుకుంటవు." పెన్ను తీసింది. "గోలీలు ఆపమని ఎవరు చెప్పిన్రు?"

ఖుర్షీదా డాక్టర్ వైపు చూడలేదు. తాజ్ చేతుల వైపు చూసింది. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి.

"ఎవలు జెప్పలే. మర్చిపోయిన," అన్నది.

తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. తాజ్ తల ఊపితే చాలు. ఇంటికి పోయాక జీవితాంతం ఈ మాట ఎవరూ ఎత్తరు. అతను లేచి నిలబడ్డాడు.

"మర్చిపోలే డాక్టరమ్మా. నేనే జెప్పిన. కంది తీరుగ మళ్ళ మొలుస్తదన్న. ఏలు పెట్టి చూసి మొలక అన్న. కుట్టని నాకు తెలుసు. సీసా మీద దుమ్ము చూసినంక గూడ నోరు మూసుకున్న."

అతను తన జన్మలో అంతకన్నా చిన్న కథ చెప్పలేదు. చేప లేదు, మొసలి లేదు. డాక్టర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తాజ్ తిట్ల కోసం ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

ఖుర్షీదా దుపట్టా సర్దుకుంది. గాటు మీది గట్టి చోటును ఒకసారి తడుముకుని చెయ్యి తీసేసింది. గరగరలాడే గొంతుతో, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అన్నది.

"డాక్టరమ్మా, గీయన మాట పట్టించుకోకుండ్రి. తాండూరుల ఎవర్నన్న అడుగుండ్రి, గీయన నోట్ల నిజం ఎన్నడన్న పుట్టిందా? కోట్‌పల్లిల మొసలి సలాం జేసిందంటడు. కంది లేదు, మొలక లేదు. నాకెవలూ ఏం జెప్పలే. గీయన జెప్పిందంత అబద్ధం. మర్చిపోయిందని రాసుకోండ్రి."