బావ గట్టిగా చెప్పిన మాట

మొన్న గురువారం పొద్దున సిరిసిల్ల నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, బాపు పోయిండు" అన్నాడు. వాళ్ల బాపు అంటే మా అక్క మొగుడు, మా బావ. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. ఆయన ఒక పని చప్పుడు లేకుండా చేయడం నాకు తెలిసి ఇదే మొదలు.

ఏళ్ల తరబడి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసి ఆయనకు చెవులు మొద్దుబారాయి. గుట్టు చెప్పినా మూడిళ్లకు వినిపించేది. "నీకు ఫోనెందుకు బావా, గడప మీద నిలవడి మాట్లాడు, మా చందుర్తి దాక ఇనవడ్తది" అని నవ్వేవాణ్ణి.

మా అక్క గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తో పోయింది. రక్తం పోతున్నా సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ మీద పరిశోధన చేసేవాళ్లు మా ఊళ్లకు వచ్చి ఆడవాళ్లకు పరీక్షలు చేశారు. బావ వాళ్ల వెంట తిరిగాడు. మగవాళ్లకు నచ్చజెప్పడం ఆయన పని. దీక్షా శిబిరంలో దూరి, "జై తెలంగాణ అనుర్రి, అన్నంక ఇంటికి పోయి మీ ఆడోళ్లను పరీక్షకు తోల్రి" అనేవాడు.

నా భార్యా చేయించుకుంది. వైరస్ ఉందన్నారు. ముఖద్వారం దగ్గర మచ్చ కూడా ఉంది, ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే కావచ్చు, సోమవారం జగిత్యాల వస్తే తీసేస్తాం అన్నారు. అది ఆలుమగల కలయికతో వచ్చే వైరస్ అని కూడా చెప్పారు. నా బుర్రకు ఆ చివరి మాటే ఎక్కింది. నాలుగు రోజులు ఆమెతో నేను మాట్లాడింది ఒకే మాట: "ఎవ్వని నుంచి అచ్చింది?" ఊరందరినీ నవ్వించే నోరు నాది. జగిత్యాల లేదు, ఏం లేదు అనేశాను.

ఆమె బావకు ఫోన్ చేసినట్టుంది. బస్సులు బంద్. ఆదివారం సిరిసిల్ల నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టకుండా వాకిట్లోనే మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, గా వైరస్ ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యకుంట ఒంట్ల ఉంటది. ఎప్పుడచ్చిందో, ఎవ్వల నుంచి అచ్చిందో డాక్టర్లే చెప్పలేరు. నీ నుంచే అచ్చిందేమో, నీకెర్కనా?"

"మెల్లగ మాట్లాడు బావా, పక్కింటోళ్లు ఇంటరు."

"మెల్లగ మాట్లాడి మాట్లాడే మీ అక్కను పోగొట్టుకున్న. దానికి నా నుంచే అచ్చి ఉంటది. సిరిసిల్ల బజార్ల చెప్పిన ముచ్చట నీ వాకిట్ల చెప్తే ఏంది? సాంచె మీద పోగు తెగితె ఎవడు తెంపిండని కూసుంటమా? ముడేసి నడిపిస్తం. రేపు నువ్వు తోల్కపోతవా, నా సైకిల్ మీద కూసుండవెట్టుకొని నేను పోవాల్నా?"

గోడవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. లోపల నా భార్య ఏడుస్తోంది. నేను బండిలో పెట్రోలు ఎంతుందో చూశాను.

సోమవారం నా బండి మీద వెళ్లాం. రెండుచోట్ల రాస్తారోకో, దవాఖానకని చెబితే దారిచ్చారు. ఇన్నేళ్లయింది, ఆమె బాగుంది. నన్ను మన్నించమని ఆనాడే అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నట్టుంది.

గురువారం మధ్యాహ్నం బావకు స్నానం పోస్తున్నారు. బంధువులు ఒక్కొక్కరే చెంబెడు నీళ్లు పోస్తుంటే నా భార్య ముందుకొచ్చింది.

"నువ్వేమైతవు బిడ్డా?" అంది ఒక ముసలామె.

"చెల్లెను."

వంగి, నెత్తి మీద సన్నటి ధారగా పోసింది. నీళ్లు అయిపోయాయి. వంచిన చెంబు మాత్రం ఆమె ఎత్తలేదు.