ఆయన్ని యోధుడు అనకండి

మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో మంగళవారం పొద్దున్నే మాస్టారు పోయారన్న కబురు వచ్చింది. దాని కింద వరసగా నివాళులు: "క్యాన్సర్‌తో యోధుడిలా పోరాడారు", "రియల్ వారియర్". నెలల తరబడి ఆయన గుమ్మం తొక్కనివాళ్లే అందులో ఎక్కువ. ఆ మాటలు చదివి ఉంటే మాస్టారు ముక్కు చిట్లించి ఫోన్ అవతల పడేసేవారు.

గుంటూరులో చరిత్ర లెక్చరర్‌గా రిటైరై కూతురి దగ్గరికి ఈ దేశం వచ్చారాయన. మే నెలలో కూడా మంకీ క్యాప్ తీయకుండా, శనివారాలు క్లబ్‌హౌస్‌లో మా పిల్లలకి పాఠాలు చెప్పేవారు. యూరప్ యుద్ధాల గురించి ఎంత తెలుసో, వాటిని పొగిడేవాళ్లంటే అంత చీదర. తళతళలాడే కవచాలతో అజింకోర్ట్ యుద్ధం బొమ్మ ఎవరైనా చూపించారో, ఇక అంతే.

"ఇందులో బురదేదిరా?" అనేవారు. "ఆరువందల ఏళ్ల కిందట ఆ పొలంలో ఫ్రెంచి దొరలు బురదలో కూలబడి, ఒకడి కింద ఒకడు ఊపిరాడక చచ్చారు. గెలిచిన ఇంగ్లీషు విలుకాళ్లకేమో విరేచనాలు. వాళ్ల రాజు చేతికి చిక్కిన ఖైదీలను చంపమన్నాడు. ఈయనగారు వీరుడు!"

"బట్ హీ వన్, తాతగారూ," అంది మా అమ్మాయి ఒకసారి.

"గెలిస్తే ఎవరూ అడగరనేగా తల్లీ, వాడి ధీమా!"

చప్పట్లు కొట్టేముందు ఒక్క క్షణం ఆగడం మా పిల్లలకి ఆయనే నేర్పారు. అది మావల్ల అయ్యే పని కాదు.

ఆ కబురుకి ముందురోజే, సోమవారం మధ్యాహ్నం ఆఫీస్‌కి వెళ్తూ ఆయన్ని చూడటానికి ఆగాను. ఏం మాట్లాడాలో తోచక, "మీరు ఫైటర్ మాస్టారూ, స్ట్రాంగ్‌గా ఉండాలి," అన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో, ఆ ఇంగ్లండ్ రాజుకి దక్కిన మర్యాదే నాకూ దక్కింది.

"నాకు భయంగా ఉందయ్యా," అన్నారు. "అమ్మాయితో అనలేను, ఏడుస్తుంది. వచ్చినవాళ్లంతా ధైర్యం ధైర్యం అంటారే తప్ప ఒక్కడూ ఈ మాట చెప్పనివ్వడు. కాసేపు కూర్చో."

కూర్చున్నాను. నా మెడలోని ఆఫీస్ బ్యాడ్జి పట్టీని గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకుని, అలాగే నిద్రపోయారు. నాకు రెండున్నరకి మీటింగ్. అందులో నేను నోరు తెరవాల్సిన అవసరం కూడా లేదు. గ్రూపులో ఆ నివాళులు రాసినవాళ్లని తిట్టుకుంటాను గానీ, అందరికన్నా నా మీదే నాకు అసహ్యం. లాగితే ఆయనకి మెలకువ వస్తుందని, పట్టీని మెల్లగా తల మీదుగా తీసేసి, ఆయన గుప్పిట్లోనే వదిలేసి వెళ్లిపోయాను.