డిలీట్‌కి రాసిన నాలుగు మాటలు

అమెరికాలోని రెడ్‌మండ్‌లో నేను పనిచేసే ఆఫీసులో నా ఉద్యోగం డాక్యుమెంట్లు రాయడం. ఇంజనీర్లు ఒక టూల్ తయారు చేస్తే, దాన్ని ఎలా వాడాలో తేలిక మాటల్లో రాసిపెడతాను. ఇన్నాళ్లూ నేను రాసింది మనుషులు చదివేవారు, లేదా చదవకుండా నాకే ఫోన్ చేసేవారు. ఈమధ్య, చెప్పిన పనిని టూల్స్ వాడి తామే చేసిపెట్టే ఏఐ ఏజెంట్లు కూడా చదవడం మొదలుపెట్టాయి. అవి ఒక్క అక్షరం వదలవు. మొదట్లో నాకది ఎంతో మర్యాదగా తోచింది.

మా టీములో వరంగల్ నుంచి వచ్చిన ఇంజనీర్ ఒకతను ఉన్నాడు. నన్ను నోరారా అక్కా అంటాడు. ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, టికెట్లు డిలీట్ చేసే టూల్ అయిపోయింది. ఒక్క లైన్ రాసియ్యి, చాలు.”

టికెట్ అంటే మాకు సినిమాదో రైలుదో కాదు. చేయాల్సిన ప్రతి పనీ, వచ్చిన ప్రతి ఫిర్యాదూ ఒక టికెట్‌గా నమోదవుతుంది. దాని కిందే అందరూ తమ మాటలు రాస్తారు. మనం మామూలు భాషలో ఏదైనా పని చెబితే, దానికి ఏ టూల్ వాడాలో ఏజెంట్ నేను రాసిన వివరణ చదివే తేల్చుకుంటుంది.

“డిలీట్ చేశాక మళ్లీ తెచ్చుకోవచ్చా?” అని అడిగాను.

“రాదక్కా. పోతే పోయినట్టే.”

“మరి అది రాయొద్దా?”

“డిలీట్ అంటేనే అది గదా అర్థం! ఏజెంట్‌కు అన్నీ తెలుసక్కా.”

అతని హుషారు చూస్తే కాదనబుద్ధి కాలేదు. ఈ టూల్ టికెట్‌ను తొలగిస్తుంది అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసిచ్చాను.

ప్రయోగాల కోసం అతని దగ్గర ఒక ప్రాక్టీస్ బోర్డు ఉండేది. ఉత్తుత్తి టికెట్లు ఎందుకని తన ఇంటి పనులన్నీ అందులో పెట్టుకున్నాడు. భార్యకు ఏడో నెల. ఉయ్యాల బిగించడం, కార్‌లో బేబీ సీటు పెట్టించడం, హాస్పిటల్‌కి బ్యాగ్ సర్దడం, అన్నీ టికెట్లే. అన్నింటికన్నా పొడవైనది ‘పాప పేరు’. ఇంట్లో ఇద్దరూ ఏ పేర్లు అనుకున్నారో, ఆమె ఏది ఎందుకు వద్దందో, పొద్దున ఆఫీసుకి రాగానే అందులో ఎక్కించేవాడు. నాకూ చదివి వినిపించేవాడు, ఆమె గుంటూరు యాసతో సహా. ఆ వారమే పేరు కుదిరింది. టికెట్ మీద ‘పూర్తయింది’ అని పెట్టేశాడు.

అయిపోయిన టికెట్లను పక్కన దాచిపెట్టే టూల్ వేరే ఉంది. రెంటిలో ఏజెంట్ దేన్ని ఎంచుకుంటుందో చూద్దామని, అతను “అయిపోయినవన్నీ క్లీన్ చెయ్” అని టైప్ చేశాడు. అది చకచకా అన్నిటినీ డిలీట్ చేసి, పని పూర్తయిందని వినయంగా చెప్పింది.

అతను ‘పాప పేరు’ కోసం బోర్డంతా వెతికాడు.

“పేరు గుర్తుంది కదా?” అన్నాను.

“పేరు గుర్తుందక్కా. వద్దనుకున్న పేర్లే పోయినయ్. ఆమె తిట్టిన తిట్లు గూడ.”

నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయాను.

మర్నాడు ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. డిలీట్ చేస్తే టికెట్, దాని కింది మాటలు శాశ్వతంగా పోతాయి. పని పూర్తి కావడం డిలీట్‌కి కారణం కాదు. పూర్తయినవాటిని దాచే టూల్‌తో దాచు. మనిషి తొలగించమని స్పష్టంగా చెప్పినప్పుడే దీన్ని వాడు. అప్పుడు కూడా టికెట్ పేరు చెప్పి, ఔనా అని అడిగి, జవాబు కోసం ఆగు.

“అడుగు అంటే చాలదా? ఆగు అని వేరే ఎందుకు?” అన్నాడతను.

“జవాబు కోసం ఆగకపోతే అడిగినట్టు ఎలా అవుతుంది?”

“మా ఇంట్ల నేను ఆగకుంటనే అడుగుతక్కా,” అని నవ్వేశాడు. ముందురోజు నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి. ఉత్త మాటల మీదే వదలొద్దని కోడ్‌లోనూ ఒక గొళ్లెం పెట్టాడు: మనిషి ఔనంటే తప్ప టూల్ కదలదు. ఈసారి కొత్తగా కొన్ని టికెట్లు పూర్తయినట్టు పెట్టి, అదే మాట టైప్ చేస్తే ఏజెంట్ వాటన్నిటినీ దాచిపెట్టింది. ఒకదాన్ని డిలీట్ చెయ్యమంటే, దాని పేరు చెప్పి, నిజంగానా అని అడిగి జవాబు కోసం ఆగింది. అతను లాప్‌టాప్‌ను దూడను తట్టినట్టు తట్టాడు.

శనివారం నన్ను భోజనానికి పిలిచారు. అతని భార్య నొచ్చుకుందేమోనని బెరుకుగానే వెళ్లాను. తలుపు తీస్తూనే, “చూశారా అక్కా, నా తిట్లన్నీ గాల్లో కలిపేశాడంట!” అని గలగలా నవ్వింది.

గోంగూర పప్పు వడ్డిస్తూ ఆమె, తింటూ మేమిద్దరం, పోయిన పేర్లను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాం. ఒక నది పేరు. అతని నానమ్మ పేరు. ఇక్కడి టీచర్ల నోరు తిరగదని వదిలేసిన పేరు. మరొకటి నాకే గుర్తొచ్చింది, చెప్పాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

“ఇది బాగానే ఉందే! ఎందుకు వద్దన్నాను?”

“నాకేం ఎరుక? రాసి పెట్టింది పాయె,” అన్నాడతను. “ఇగో, పేరు ఖాయమైంది. మళ్ల మొదలు పెట్టకు.”

ఆమె మొదలుపెట్టింది. పెరుగన్నం దాకా నడిచింది ఆ వాదన. నేను ఇద్దరి వైపూ మాట్లాడాను. చివరికి పాపకు రెండు పేర్లూ పెట్టారు.