నాన్న పక్కన కుర్చీ

నా చిన్నప్పుడు మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజున పాస్టర్ గారు దాని నెత్తిమీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మేమంతా కళ్ళు మూసుకుని చుట్టూ నిలబడ్డాం. ఈ యంత్రం ప్రభువు పనికే వాడబడాలనీ, దీన్ని తాకే చేతులు శుభ్రంగా ఉండాలనీ ఆయన వేడుకున్నారు. ఆ రెండో మాటని మా అమ్మ అక్షరాలా పట్టుకుంది. ఆ రోజునుంచీ చెయ్యి కడుక్కోకుండా ఎవరూ దాని దగ్గరికి వెళ్ళడానికి లేదు. అంచుకి అల్లిక పని చేసిన తెల్లగుడ్డ ఒకటి కుట్టి, పెళ్ళికూతురికి మేలిముసుగు వేసినట్టు దానిమీద కప్పింది.

కంప్యూటర్ మాది కాదు, మా చర్చి సంఘానిది. వన్ టౌన్‌లో మా చర్చి పక్కనున్న పాస్టర్ గారి గది గోడలు సముద్రపు చెమ్మకి ఎప్పుడూ తడిగా ఉండేవి. అందుకని దాన్ని మా ముందుగదిలో పెట్టారు. పైగా మా నాన్న పోర్టు ఆఫీసులో టైపిస్టు. తెలుగు టైపు వచ్చినవాడు సంఘం మొత్తానికి ఆయనొక్కడే. అంతకుముందు మా ఇంట్లో ఒక పాత టైప్‌రైటర్ ఉండేది. ఆదివారం పాడే పాటలన్నీ శనివారం సాయంత్రం నాన్న దానిమీద, ప్రతులు తియ్యడానికి పనికొచ్చే స్టెన్సిల్ కాగితాలకి కొట్టేవాడు. స్టెన్సిల్ మీద తప్పు పడితే దిద్దడం కష్టం. కళ్ళు కాగితం మీదనుంచి తియ్యకుండా కొట్టాలంటే పక్కన ఎవరో ఒకరు పాట చదవాలి. ఆ చదివే మనిషిని నేను.

నాన్న పక్కన నాకొక కుర్చీ ఉండేది. మాట మాటకీ ఎక్కడ ఆగాలో, ఏ ఒత్తుని నొక్కి పలకాలో నాకు ఆయన వేళ్ళ చప్పుడే నేర్పింది. ఒక చరణం అయ్యాక ఆయన తల ఊపేవాడు, నేను రెండో చరణం ఎత్తుకునేదాన్ని. మేం మామూలుగా మాట్లాడుకున్నది తక్కువ. కానీ వారంలో ఆ ఒక్క సాయంత్రం నాన్న పూర్తిగా నాదే అనిపించేది. కంప్యూటర్ వచ్చాక కూడా నాన్న టైప్‌రైటర్ మీద మీటలు ఎలా ఉంటాయో అలాగే ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకున్నాడు. వేళ్ళకి తెలిసిన దారి వదలకూడదనేది ఆయన అభిప్రాయం. నా కుర్చీ చెక్కుచెదరలేదు.

మా ఇంట్లో ఇంకొక మనిషి అభిప్రాయాలకి కూడా లోటు లేదు. ఆవిడ మా పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క. ఆస్పత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. పొద్దున్నే అందరూ చోడి అంబలి, అదే రాగిజావ, తాగాలి. అన్నం తిన్నాక సందు చివరిదాకా నడిచి రావాలి. కంప్యూటర్ వచ్చాక కొత్త చట్టం ఒకటి పెట్టింది. ఒక్కొక్క పాట అయ్యాక మేడెక్కి, రేవు బయట లంగరు వేసి ఉన్న ఓడల్ని కాసేపు చూసి రావాలి. కళ్ళు కూడా కాళ్ళలాంటివే, ఒకేచోట ముడుచుకుని ఉంటే తిమ్మిరెక్కుతాయని ఆవిడ సిద్ధాంతం. నాన్నంతటివాడు కూడా బుద్ధిగా మేడెక్కి వచ్చేవాడు.

అలాంటి ఇంటికి ఆ సంవత్సరం మా చిన్నాన్న కూతురు వచ్చింది. వాళ్ళది సబ్బవరం. చిన్నమ్మకి ఒంట్లో బాగాలేక, పిల్లని మా దగ్గర ఉంచి చదివించమన్నారు. నాకంటే కాస్త చిన్నది. ఇంగ్లీషు మీడియం. వచ్చిన వారానికే సంఘంలోని ఒక అన్నయ్య మా కంప్యూటర్‌లో ఇంకో తెలుగు సాఫ్ట్‌వేర్ వేసి వెళ్ళాడు. అందులో ఇంగ్లీషు అక్షరాలతో ‘అమ్మ’ అని కొడితే తెరమీద తెలుగులో అమ్మ వస్తుంది. మీటలు నేర్చుకోనక్కర్లేదు. చిన్నాన్న కూతురు సరదాగా కూర్చుని, లేచేసరికి ఒక పాట మొత్తం కొట్టేసింది. నాన్న దాని వెనకాల నిలబడి చూసి, ‘ఓర్నాయనో, నేను పడ్డ తిప్పలన్నీ వృథాయేనా!’ అని పెద్దగా నవ్వాడు. నాన్న అలా నవ్వడం నేను అరుదుగా విన్నాను. నా వల్ల ఎప్పుడూ వినలేదు.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ముందు ఇంటింటికీ తిరిగి పాడే కేరల్స్ పాటల్ని ప్రెస్సులో అచ్చు వేయించాలని సంఘం నిర్ణయించింది. ఆ పనిని నాన్న మా చిన్నాన్న కూతురికి అప్పజెప్పాడు. ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుని, ఒకసారి చూసి గబగబా కొట్టేది. దానికి చదివేవాళ్ళు అక్కర్లేదు. నా కుర్చీలో నాన్న కూర్చుని దాన్ని చూస్తూ ఉండేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడేదాన్ని.

అసూయకి ఒంట్లో ఒక చోటు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాకు అది గొంతు కింద, మింగుడుపడని ముద్దలా ఉండేది. చిన్నాన్న కూతురు అంబలి మొహం చిట్లించకుండా తాగేది. నాకు కడుపు మండేది. పెద్దమ్మ చెప్పకముందే మేడెక్కి ఓడల్ని చూసి వచ్చేది, ‘సూడు, దాన్ని సూసి నేర్సుకో’ అని పెద్దమ్మ నాతో అనేది. ఇంకా మండేది. రోజూ కుటుంబ ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకున్నప్పుడు నేను లోపల వేరే ప్రార్థన చేసేదాన్ని. ప్రభువా, దాని సాఫ్ట్‌వేర్ పాడైపోవాలి. చివర్లో ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా అనేదాన్ని.

శనివారం మధ్యాహ్నం నాన్న పాటలున్న ఫ్లాపీ పట్టుకుని ప్రెస్సుకి వెళ్ళాడు. ప్రెస్సు మా పక్కవీధిలో ఒక సాయిబు గారిది. ఆ సాయంత్రానికి అచ్చు పడాలి, రాత్రినుంచి కేరల్స్ మొదలు. కాసేపటికే నాన్న వెనక్కి వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. అన్నీ తెలుగు అక్షరాలే, కానీ ఒక్క మాట లేదు. దీర్ఘం ఉండాల్సినచోట ఒత్తు, ‘పశువుల తొట్టి’ అని ఉండాల్సినచోట గుణింతాల కుప్ప. మేం వాడిన సాఫ్ట్‌వేర్ ప్రెస్సులో లేదు. వాళ్ళ దగ్గర ఉన్నది నాన్న టైప్‌రైటర్ మీటల సాఫ్ట్‌వేరే. ఒకదాంట్లో కొట్టింది ఇంకోదాంట్లో ఇలా తయారవుతుందని అప్పట్లో మా ఎవ్వరికీ తెలియదు.

‘సాయిబు గారు ఏటన్నాడో తెలుసా? మీ చర్చిలో ఎవరికీ అర్థంకాని అన్య భాషల్లో పాడతారంట కదా సార్, ఇదేనా అన్నాడు,’ అని నాన్న నవ్వబోయి, చిన్నాన్న కూతురి మొహం చూసి ఆగిపోయాడు. అది పుస్తకాన్ని గుండెకి అదుముకుని తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. ఏడుపు మాత్రం వినబడుతోంది.

నాకు ముందు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, తేనె తాగినట్టుంది. ఆ వెంటనే భయం పట్టుకుంది. నేను అడిగాను, దేవుడు చేసేశాడు. సంఘం పాటల్నే పాడు చేశాడు. నేను మేడమెట్ల మీదికి పరుగెత్తి, సగంలో కూలబడ్డాను. లోపలికి వెళ్ళలేను, బయటికి పోలేను.

పెద్దమ్మ అంబలి గ్లాసుతో వచ్చింది.

‘ఏటే, కింద మీ నాన్న నెత్తి పట్టుకుని కూకుంటే నువ్విక్కడేటి సేత్తన్నావ్?’

‘నా వల్లే పెద్దమ్మా. నాను ప్రార్థన సేసినాను.’

‘ఏటని?’

‘దాని సాఫ్ట్‌వేర్ పాడైపోవాలని.’

పెద్దమ్మ గ్లాసులో అంబలి తొణికేలా నవ్వింది. ‘ఓలమ్మో! దేవుడికి ఇంకేటీ పని లేదనుకున్నావేటి, నీ మాట ఇని ఆ ఫ్లాపీలో దూరి అచ్చరాలు మార్సడానికి? నీకంత సీను లేదు గానీ ఇది తాగు.’

నేను తాగాను. నా పక్కన మెట్టుమీద కూర్చుని ఆవిడ ఓడలకేసి చూసింది. మెల్లగా అంది. ‘మీ అమ్మ పెళ్ళినాడు నానూ ఇలాటి ప్రార్థనే సేసినాను. వాన పడాలని. పందిరి తడిసిపోవాలని.’

‘పడిందా?’

‘ఎండ మండిపోనాది.’

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. ‘ఇప్పటికీ అప్పుడప్పుడు కుళ్ళే నాకు. సాయంత్రం మీ నాన్న గుమ్మంలోకొచ్చి మీ అమ్మని పేరెట్టి పిలుత్తాడు సూడు. నన్నలగ పిలిసేవోడు లేడు కదా. ఆ పిలుపు ఇన్నప్పుడల్లా ఇక్కడికొచ్చేత్తాను.’

సిద్ధాంతాలు తప్ప సందేహాలు లేని మనిషి అనుకున్నాను ఆవిడని. మేడెక్కి ఓడల్ని చూడమనడం ఒక్క కళ్ళకోసమే కాదన్నమాట. ‘ఇక్కడికొచ్చి ఏటి సేత్తావ్?’ అని అడిగాను.

‘దూరం సూత్తాను. మీ అమ్మ పేరెట్టి ప్రార్థన సేత్తాను. ముందు పళ్ళు కొరుకుతానే సేత్తాను. నా పళ్ళు దేవుడికి కొత్తేటి కాదు కదా. ఒకటి సెప్తాను ఇను. దానికొద్దు అనకు. నాకూ కావాలి అను. అది అడగొచ్చు. దేవుణ్ణి అడుగు, ఇచ్చే మడిసి ఇంట్లోనే ఉంటే ఆ మడిసినీ అడుగు.’

లోపలికి వెళ్ళమని ఆవిడ నాతో అనలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని దిగిపోయింది. నేను ఓడలకేసి చూస్తూ చిన్నాన్న కూతురి పేరు పెట్టి, పళ్ళు బిగించి, రెండు ముక్కలు ప్రార్థన చేసుకుని కిందికి వచ్చాను.

నాన్న తన సాఫ్ట్‌వేర్ తెరిచి, చేతులు కడుక్కుని, మొదటి పాట మళ్ళీ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన ముందు నిలబడి, ‘నాన్నా, నాకు నీ పక్కన కూకోవాలనుంది,’ అన్నాను.

నాన్న తెల్లబోయి చూశాడు. ‘అదేటమ్మా? ఇన్నాళ్ళూ శనివారం వచ్చేసరికి నిన్ను ఆటకి పోనివ్వకుండా కట్టేసినానని నాను బాధపడతా ఉంటే? ఆ పిల్ల దయవల్ల నీకు ఆట దొరికిందనుకున్నానే!’ అన్నాడు.

నా గొంతు కింది ముద్ద అప్పుడు కరిగింది. నేను పోగొట్టుకున్నాననుకున్నది, ఆయన నాకు ఇచ్చాననుకున్నాడు. అడగకపోతే ఇద్దరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

కుర్చీలో కూర్చున్నాను. చదవడానికి పుస్తకం లేదు. అది తలుపు వెనక ఉంది, చిన్నాన్న కూతురి చేతుల్లో. తలుపు సందులోంచి దాని గౌను అంచు కనిపిస్తోంది. కొద్దిసేపటి క్రితం మెట్లమీద నేనెలా ఉన్నానో అలాగే ఉంది అది. నేను లేచి వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను. నన్ను చూడకుండా పుస్తకం నా మీదికి తోసింది. పుస్తకంతో పాటు దాన్నీ లాక్కొచ్చాను. కుర్చీ చిన్నది. ఇద్దరం చెరో సగం మీద వేలాడుతూ కూర్చున్నాం.

నేను చదివాను, నాన్న కొట్టాడు, అది తెరమీద తప్పులు పట్టింది. మొదటి పాట పూర్తయ్యేసరికి ముక్కు ఎగబీలుస్తూనే, ‘అంత గట్టిగా సదవకే, గొర్రెల కాపరులు పారిపోతారు,’ అంది. ‘నీ అన్య భాషలకంటే నయమేలే,’ అన్నాను. నాన్న మీటల మీద వేళ్ళు ఆపి నవ్వాడు. ఆ నవ్వు ఎవరివల్ల వచ్చిందో లెక్క తేల్చడం ఈసారి నాకు చేతకాలేదు. పాట అయినప్పుడల్లా పెద్దమ్మ లోపలినుంచి కేకేసేది, ముగ్గురం మేడెక్కేవాళ్ళం. కేరల్స్‌కి బయల్దేరే వేళకి కాగితాలు అచ్చయ్యాయి. ‘ఇప్పుడు మన భాషలోకొచ్చారు సార్,’ అన్నారట సాయిబు గారు.

అసూయ ఆ రోజుతో పోయిందని చెప్పను. ఆ రాత్రే కేరల్స్‌లో అందరూ చిన్నాన్న కూతురి గొంతుని మెచ్చుకున్నారు, నాకు మళ్ళీ గొంతు కింద ముద్ద తగిలింది. బైబిల్లో, తప్పిపోయిన తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు జరుగుతుంటే అలిగి బయట నిలబడిపోయిన పెద్దకొడుకు సంగతి చదివినప్పుడల్లా నాకు మా మేడమెట్లు గుర్తొస్తాయి. అక్కడ తండ్రే బయటికి వచ్చి బతిమాలాడు. మా ఇంట్లో దేవుడు అంబలి గ్లాసిచ్చి పెద్దమ్మని పంపాడని నా నమ్మకం.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. చిన్నాన్న కూతురి పిల్లలకి నేనే పెద్దమ్మని. సాఫ్ట్‌వేర్ గురించి నాకూ గట్టి అభిప్రాయాలున్నాయి. ఎంత తేలికైనదైనా సరే, మనం రాసింది పక్కవాళ్ళ దగ్గర తెరుచుకోకపోతే అది నాకొద్దు. పిల్లలు ఫోన్‌తో మాట్లాడి టైపు చేయిస్తారు. నేను ఇప్పటికీ నాన్న మీటలతోనే సండే స్కూల్ పాటలు కొడతాను, ఒక చిన్నపిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను. భోజనం బల్ల దగ్గర ఫోన్లు ఉండవు. అంబలి ఉంటుంది.

మా సంఘం స్త్రీలందరం ఒక యాప్‌లో ఎవరెంత నడిచామో చూసుకుంటాం. చిన్నాన్న కూతురి పేరు ఎప్పుడూ అందరికంటే పైనే ఉంటుంది. మొన్న కూడా ఉంది. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను ఫోన్ బల్లమీద పెట్టి మేడెక్కాను. ఇప్పుడు నేనుండే గాజువాకలో మా మేడమీదికి ఓడలు కనిపించవు, దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటికేసి చూస్తూ దాని పేరు పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను, పళ్ళు బిగించే. దాని కాళ్ళకి బలం ఇవ్వు ప్రభువా అన్నాను. నాకూ కావాలి అన్నాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పళ్ళు వదులయ్యాయి. కిందికి దిగి దానికి ఫోన్ చేశాను, ‘రేపు పొద్దున్న నీతోపాటు నన్నూ నడకకి తీసుకెళ్ళవే,’ అని అడగడానికి.