వంకరగా అతికిన ఎముక

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక ఏరియా ఆసుపత్రికి ఎముకల డాక్టరుగా బదిలీ చేశారు. మామూలు ఓపీతో పాటు వారానికో రోజు వైకల్య ధ్రువపత్రాల శిబిరం కూడా నా నెత్తిన పడింది. వైకల్యం ఎంత శాతమో తేల్చి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటేనే పింఛను. అందుకే శిబిరం రోజున గేటు బయట టీ బడ్డీ దగ్గర, డబ్బు పుచ్చుకుని పత్రం ఇప్పిస్తాననే ఒక మధ్యవర్తి తయారుగా ఉండేవాడు. అందరూ అతన్ని రాయుడుగారు అనేవాళ్లు. లోపలికి కుంటుతూ వచ్చినవాళ్లు గేటు దాటాక చక్కగా నడిచి వెళ్లడం కిటికీలోంచి చాలాసార్లు చూశాను. దాంతో ఎవరొచ్చినా అనుమానంగానే చూసేదాన్ని.

ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరుతుంది. ముంజేతిలో రెండు ఎముకలు, వాటిని కలిపి ఉంచుతూ మధ్యలో పల్చటి పొర ఉంటాయి. అరచెయ్యి తిప్పినప్పుడల్లా ఒక ఎముక రెండోదాని మీదుగా తిరుగుతుంది. ఎక్స్‌రేలో సున్నం పట్టిన ఎముకే తెల్లగా పడుతుంది. పొర, లిగమెంట్లు, కీళ్లలోని మృదులాస్థి కనబడవు. ఫ్లోరైడ్ ముదిరితే ఆ పొర కూడా ఎముకలా గట్టిపడి, అంచుల్లో తుమ్మముళ్లలా తెల్లగా కనిపిస్తుంది. అప్పుడిక చెయ్యి తిరగదు.

ఒక శిబిరంలో నడివయసు మనిషి ఒకడు అలాంటి ఫిల్మే తెచ్చాడు. అందులో మణికట్టుకు కాస్త పైన, బొటనవేలి వైపు ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది. తిప్పి చూడబోతే చెయ్యి బిగబట్టాడు. సరేనని, ఒక మాత్ర ఇస్తాను పట్టమన్నాను. ఠక్కున అరచెయ్యి వెల్లకిలా చాపాడు. ఫిల్మ్ చేతికిచ్చి పంపేశాను. కాసేపటికి ఇంకో మనిషి వచ్చాడు. ఫిల్మ్ మీద పేరు చీటీ మారింది గానీ లోపల అవే ముళ్లు, అదే వంకర. నాకు ఒళ్లు మండిపోయింది. అతన్నీ పంపేసి, ఫిల్మ్ మాత్రం సొరుగులో పెట్టుకున్నాను.

ఆ తరువాత వచ్చింది ఖాసింబీ. మిరపకాయల ముచ్చికలు తీసే కూలీ. ఆమె తెచ్చిన ఫిల్మ్‌లో ఎముకలు ఏ పాతికేళ్ల కుర్రాడివో అన్నంత శుభ్రంగా ఉన్నాయి. పద్ధతి ప్రకారం వైకల్యం లేదని రాసి పంపాలి. ఈమె కూడా రాయుడి మనిషే అనుకుని కలం తీశాను. అయినా అలవాటు కొద్దీ మాత్ర పట్టమన్నాను.

ఆమె అరచెయ్యి వెల్లకిలా పడలేదు. దాన్ని ఎలాగైనా తిప్పాలని మోచేతిని పొట్ట మీదికి లాక్కుని, ఒళ్లంతా పక్కకు వాల్చింది. అయినా మాత్ర జారి కింద పడింది. నటించేవాళ్లు చెయ్యి బిగబడతారు తప్ప ఇలా ఒళ్లు వాల్చరు. మణికట్టు పైన వేళ్లతో తడిమితే ఎముక వంకర తగిలింది.

ఈ ఫిల్మ్ ఎవరిదని అడిగాను. ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"నాది రాయుడుగారి దగ్గరుందండి మేడమ్. క్యూలో నలిగిపోద్ది, నేను దాస్తాలే అన్నాడు. ఇందాక ఇది చేతిలో పెట్టి, లోపల నోరెత్తమాక అన్నాడండి."

మిరప కోతలకు వెళ్తూ ట్రాక్టర్ మీంచి పడ్డానని, నాటు కట్టు కట్టించుకున్నానని కూడా చెప్పింది. అప్పటికీ నేను నమ్మలేదు. రాయుడే నేర్పి పంపి ఉండొచ్చు. టెక్నీషియన్‌ను పిలిచి, నా ఎదుటే ఆమె చేతికి కొత్త ఎక్స్‌రే తీయించాను. దాన్ని సొరుగులోని ఫిల్మ్ పక్కన లైటు పెట్టెకు తగిలించాను. కొత్తదానిలో ముళ్లు ఇంకాస్త పెరిగాయి. వంకర మాత్రం అదే. ఖాసింబీ రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"రెండూ నా చెయ్యేగదండీ" అంది.

ఆమె ఫిల్మునే రాయుడు ఆ ఇద్దరికీ ఇచ్చి పంపాడు, అది నా సొరుగులో చిక్కుకునేసరికి ఆమె చేతిలో ఇంకెవరిదో పెట్టాడు. శాతం రాసి సంతకం పెట్టాను. పాత ఫిల్ములు, నా ఫిర్యాదు సూపరింటెండెంటుకు అందజేశాను. ఆయన కబురు మీద పోలీసులు వచ్చేసరికి బడ్డీ దగ్గర రాయుడు లేడు. మరుసటి వారం అక్కడ ఇంకొకడు నిలబడి ఉన్నాడు.

అనుమానం మా ఉద్యోగంలో భాగమే. మానుకోమని ఎవరికీ చెప్పను. ముందు కాగితాన్ని అనుమానించాలి, తరువాత అది ఎవరి ద్వారా వచ్చిందో వాళ్లను, ఆఖరున రోగిని. మాలో చాలామంది రోగి దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ రోజు మాత్ర జారకపోతే నేనూ అక్కడే ఆగేదాన్ని.