రాహుకాలం దాటాక చూసిన బడులు

మూడేళ్లు నిండేసరికి మా అమ్మాయికి ఒక గొప్ప నమ్మకం కుదిరింది. కళ్లు మూసుకుంటే తను ఎవరికీ కనిపించదని! కొత్తవాళ్లు ఎదురైతే చాలు, నా చున్నీ కొస పిడికిట్లో బిగించి, కళ్లు గట్టిగా మూసేసి మాయమైపోయేది. చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలామె పలకరిస్తే మాయం. లిఫ్టులోకి పక్కింటివాళ్లు ఎక్కితే మాయం. ఇంట్లో మాత్రం చెవుల తుప్పు వదిలిపోయేలా వాగేది.

నాకేమో వచ్చే నెల ఆఫీసులో చేరాలి. సెలవు ఇక పొడిగించేది లేదని మేనేజరు తేల్చి చెప్పేశాడు. అప్పటికే ఒకసారి ఇంటి దగ్గరి బడిలో వేస్తే, ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. ఇంకొన్నాళ్లు ఆగి తీసుకురమ్మని వాళ్లే మర్యాదగా పంపించేశారు. ఈసారి కూడా బడి కుదరకపోతే నా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

అందుకని ఫోన్ ముందేసుకుని తెగ చదివాను. కెమెరాలుండాలట, ఏసీ ఉండాలట, ఆటవస్తువులు చెక్కవై ఉండాలట. ఇవన్నీ వరసగా అత్తమ్మకు చదివి వినిపించాను. మాది కాకినాడ, ఆవిడ పుట్టిందీ మెట్టిందీ చిక్కడపల్లే. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర్నుంచి మా ఇద్దరికీ ఏదీ కుదరదు.

"గవన్ని తర్వాత బిడ్డా. ముందుగాల బాత్రూం చూడాలె. ఆయా నోరు ఎట్లున్నదో వినాలె" అంది.

నారాయణగూడలో ఒక పెద్ద బడివాళ్లు శుక్రవారం పదకొండు గంటలకు రమ్మన్నారు. ఫోటోల్లో రాజభవనంలా ఉంది. నేను ఉత్సాహంగా తయారవుతుంటే అత్తమ్మ గోడ మీది క్యాలెండర్ దగ్గర నిలబడి గుండె పట్టుకుంది.

"పదిన్నర నుంచి పన్నెండు దాంక రాహుకాలం! పిల్లను గట్ల తోల్కపోతరా ఎవరన్న?"

"చూడ్డానికే కదా అత్తమ్మా. చేర్పించడానికి కాదుగా!"

"చూసుడైతేంది, చేర్పిచ్చుడైతేంది?"

అని ఊరుకుందా? గుమ్మానికి అడ్డంగా, సరిగ్గా నా చెప్పుల మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను అరిచాను, బతిమాలాను, ఇది ఏ కాలం అనుకుంటున్నారని ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. పన్నెండు దాటాక లేచి, కుర్చీ పక్కకు జరిపి, "ఇగ నడువు" అంది. ఆటోలో దారి పొడుగునా ముఖం మాడ్చుకునే ఉన్నాను.

మేము వెళ్లేసరికి అక్కడ పిల్లల అన్నాల వేళ. గేటు దగ్గర ఎవరూ లేరు. నేరుగా లోపలికి వెళ్లిపోయాం. ఓరి దేవుడా! గోడకు పెద్ద టీవీ, దాని ముందు వరసగా పిల్లలు, నోళ్లు తెరుచుకుని. ఆయా ఒకే చెంచాతో ఈ నోట్లో ఒక ముద్ద, ఆ నోట్లో ఒక ముద్ద కూరుకుంటూ పోతోంది. ఒక బుడ్డోడు కక్కబోతే, "మింగు! మింగు అంటున్ననా!" అని ఒక్క అరుపు. ఆ అరుపుకు మా అమ్మాయే కాదు, నేనూ కళ్లు మూసుకున్నాను.

రిసెప్షన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, మీ టైమ్ లెవెన్ కదా! లెవెన్‌కి మా డాన్స్ సెషన్ ఉంటుంది, చాలా బాగుంటుంది!"

అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. రోడ్డు మీద ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడకీ వచ్చింది. చెరుకురసం బండి దగ్గర నిలబడి, కడుపు పట్టుకుని, పిచ్చివాళ్లలా నవ్వాం.

ఇక చూడండి నా భక్తి! ఎవరు ఏ గంటకు రమ్మన్నా పరుగున క్యాలెండర్ దగ్గరికి వెళ్లేదాన్ని. అశోక్ నగర్‌లో ఒక చిన్న బడివాళ్లు బుధవారం పదింటికి రమ్మన్నారు. వెతికితే ఆ వేళకు రాహుకాలం లేదు. ఆలస్యంగా వెళ్లే సాకు పోయిందని ప్రాణం ఉసూరుమంది.

"అత్తమ్మా, పోనీ వర్జ్యమైనా ఉందేమో చూడండి."

అత్తమ్మ కళ్లజోడు పెట్టుకోకుండానే క్యాలెండర్ వైపు ఒక్క చూపు విసిరింది. "ఉన్నది బిడ్డా, మస్తుగున్నది. పదకొండున్నర దాంక కదలొద్దు."

అశోక్ నగర్ సంగతి తెలిసిందే. సందు సందుకీ కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, చాయ్ బండి దగ్గర కూడా పుస్తకం వదలని పిల్లలు. వాళ్ల మధ్యలో నుంచి నడిచి వెళ్తే ఒక పాత ఇల్లు, ముందు కాస్త ఇసుక. లోపల నేల మీద టీచర్ కూర్చుని ఉంది, చేతుల నిండా జిగురు. మమ్మల్ని చూసి లేవలేదు.

"జర కూర్చోండి అక్కా. వీళ్ల ఆటో ఎట్ల ఖరాబైందో చెప్తున్నడు, అయిపోనీయండి."

ఎదురుగా ఉన్న పిల్లాడు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆ ఆటో కథ ఎంతకీ తెమలదు. ఆవిడ మాత్రం మధ్యలో ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఈలోగా అత్తమ్మ బాత్రూం తనిఖీకి వెళ్లి, చిన్న మగ్గు, చిన్న స్టూలు, తడి లేని నేల చూసి వెలిగిపోతూ తిరిగొచ్చింది.

మా అమ్మాయి యథాప్రకారం మాయమైంది. "సిగ్గెక్కువండీ" అని నేను సంజాయిషీ ఇవ్వబోయాను.

"ఎవరికి? మీ వెంట ఎవరన్న వచ్చిన్రా?" అంది టీచర్, అటూ ఇటూ వెతుకుతూ. "నాకైతే ఎవ్వరు కనిపిస్తలేరు."

చున్నీ వెనకాల నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అక్కడికక్కడే చేర్పించేశాను.

మొదటిరోజు నా చున్నీ పట్టుకున్న పిడికిలి విడిస్తే ఒట్టు. "చున్నీ ఇక్కడనే ఇడిసిపెట్టి పోండి అక్కా, ఆమెకు తోడుంటది" అంది టీచర్. చేసేదేముంది? ఇచ్చేసి, మెడ బోసిగా, ఆ పోటీ పరీక్షల జనం మధ్య నుంచి గబగబా నడిచి ఇల్లు చేరాను. ఏ నిమిషాన పిలుస్తారోనని ఫోన్ చేతిలోంచి దించలేదు. ఫోన్ రాలేదు. ఇక ఆగలేక, వదిలే వేళకు చాలా ముందే అత్తమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను. ఈసారి క్యాలెండర్ ఆవిడా చూడలేదు, నేనూ చూడలేదు.

గేటు సందులోంచి చూశాను. నా చున్నీని రెండు కుర్చీల మధ్య పందిరిలా కట్టారు. దాని కింద పిల్లలు. వాళ్ల మధ్యలో మా అమ్మాయి, కళ్లు ఇంతింత చేసుకుని, అందరికీ హుకుంలు జారీ చేస్తోంది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆ కదలికకు అది తల తిప్పింది. నన్ను చూసింది. ఇంటికి తీసుకుపోవడానికి వచ్చానని అర్థమైనట్టుంది.

రెండు కళ్లూ గట్టిగా మూసేసుకుంది.

వెనక నుంచి అత్తమ్మ, "ఏది, పిల్లేది?" అని మునివేళ్ల మీద లేస్తోంది. నేను గేటు పక్కకు జరిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాను.

"ఎక్కడా కనిపించట్లేదు అత్తమ్మా. కాసేపాగి వద్దాం పదండి."