ఎవరూ నీళ్లు పోయని కరివేపాకు చెట్టు

నేను ఏదైనా ఉత్సాహంగా మాట్లాడితే చాలు, మా ఇంట్లో పోట్లాటకు వచ్చాననుకుంటారు. మురుగు నాలా పక్కనున్న ఇళ్లవాళ్లు పాత సెప్టిక్ ట్యాంకులు మార్చాలని అమీర్‌పేటలో మా ఇంటికి నోటీసు వచ్చి, వెంటనే మార్చేద్దామని నేను అన్నప్పటి నుంచీ ఇదే వరస.

ఈ రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ట్యాంకు ఎక్కడని అడిగితే నాన్న గేటు వైపు చూపించారు, నానమ్మ వంటింటి వైపు చూపించింది. కట్టించిన తాతయ్య ఇప్పుడు లేరు. అధికారి పెరట్లో మా కరివేపాకు చెట్టు ముందు ఆగారు.

"గీ చెట్టుకు నీళ్లు ఎవరు పోస్తరమ్మా?"

"ఎవ్వరు పొయ్యరు సార్. ఎండకాలం సుత గిట్లనే పచ్చగుంటది," అంది నానమ్మ గర్వంగా. "గల్లీ మొత్తం మా ఆకే తెంపుకపోతరు."

నాకు వెలిగింది. గడ్డపార తెచ్చి నేనే చెట్టు మొదట్లో పొడిచాను. జానెడు లోతులో ఠంగుమని ట్యాంకు మూత తగిలింది! గోడ పగిలి మురుగంతా నాలాలోకి, అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్‌లోకి పోతోందన్నారు అధికారి. నేను ఎగిరి గంతేశాను.

"గంత ఖుషీ ఏందే నీకు? సార్, జర దొరకలేదని రాస్కోండి, చెట్టు పోతది," అన్నారు నాన్న.

ఇన్నేళ్లూ ఆ ఆకుతో పోపు పెట్టుకున్న గల్లీవాళ్లకు ఈ సంగతి చెప్పాలా వద్దా, మీరే చెప్పండి.

ట్యాంకు మార్పిడి దరఖాస్తు మాత్రం నేనే నింపి అధికారి చేతికిచ్చాను. సోమవారం చెట్టు కొట్టేసి కొత్త ట్యాంకుకు తవ్వుతారు.